వ్యాధిలో పూర్ణమైన కైంకర్యము

ధర్మమును సాధించుటకు శరీరమే మొదటి సాధనమని పెద్దలు చెప్పుదురు. ఆ మొదటి సాధనమే శిథిలమైనవాని గతి యేమి? నాలుగు దినములుండి పోవు జ్వరమును గూర్చి కాదు నేనడుగుట. సంవత్సరముల తరబడి మనతోనే కాపురముండు వ్యాధులు కొన్ని కలవు. అవి ప్రాణము తీయవు, విడిచిపోవు. అట్టి వ్యాధితో బ్రతుకుచున్న భక్తుడొకడు ఒక వ్రతమునో, పారాయణమునో, యాత్రనో సంకల్పించి, ఎన్నో ఆటంకముల నడుమ దానిని ముగించెననుకొందము. ఆ దినమున అతని హృదయములో పొంగు ఆనందము భక్తియా? అహంకారమా?

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురైనది కాదు. మా యింటిలో, పూజామందిరము ముందు కూర్చుండి, నా సహధర్మచారిణి నన్నడిగినది.

ఆమెకు పదునాలుగేండ్లుగా కీళ్లవాతము. ఆయుర్వేదమున ఆమవాతమని చెప్పుదురు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి కీళ్లలోని పొరలపై దాడి చేయుట ఈ వ్యాధి స్వభావమని నేటి వైద్యులు వివరించుచున్నారు. దీనిని అదుపులో నుంచు ఔషధములు కలవు గాని, సమూలముగా పోగొట్టునది ఇంకను లేదు. ఉదయము నిద్ర లేచునప్పటికి ఆమె చేతివ్రేళ్లు కొయ్యబారి యుండును. గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచిన పిమ్మట గాని పిడికిలి మూయుటకు రాదు. కొన్ని మాసములు వ్యాధి అణగియుండును. కారణమేమియో తెలియకయే మరల ఒకనాడు విజృంభించును. ఆ దినములలో జడ అల్లుకొనుట, సీసా మూత తిప్పుట కూడ ఆమెకు అసాధ్యములే.

అట్టి చేతులతో ఆమె నారాయణీయమును మొదటి శ్లోకము నుండి చివరి శ్లోకము వరకు తెలుగు లిపిలో వ్రాసి స్వామికి సమర్పింతునని సంకల్పించినది. నేను వారించితిని. “చదువుకొంటే చాలదా? వ్రాయడమెందుకు?” అంటిని. “నోరు బాగానే ఉందండీ. దానితో చేస్తే గొప్పేముంది? బాగులేని చేతులతోనే చేయాలని ఉంది” అని ఆమె బదులు చెప్పినది. సన్నని కలము పట్టుటకు రాదు గనుక, దానికి పాత నూలుగుడ్డ చుట్టలు చుట్టి లావు చేసికొన్నది. మంచి దినమున మూడు నాలుగు శ్లోకములు, చెడ్డ దినమున ఒక పాదము, మరీ చెడ్డ దినమున ఒక్క అక్షరమైనను వ్రాయక ఆ పుస్తకమును కన్నుల కద్దుకొని మూసివేయుట. ఒకమారు వ్యాధి పెచ్చు పెరుగగా రెండు మాసములు కలము తాకలేదు. నూరు దినములలో పుట్టిన స్తోత్రమును ఎత్తి వ్రాయుటకే ఆమెకు మూడేండ్లు పట్టెను.

ముగించిన దినమున నోటు పుస్తకములన్నిటిని శ్రీనివాసుని పటము ముందుంచి, చాలసేపు చూచి, ఆమె నాతో ఇట్లన్నది: “ఏమండీ, నాకు చాలా గర్వంగా ఉంది. తప్పంటారా?”

నాకు తెలిసిన నాలుగు మాటలతో వెంటనే తీర్పు చెప్పితిని. “అంతా ఆయన చేయించినదే. మనదనుకోవడం అహంకారం. ఆ మాట మనసులో పెట్టుకోకు” అంటిని. ఆమె మరి మాటాడలేదు. ముఖమున అంతవరకు వెలిగిన వెలుగు మాత్రము తగ్గినది. నేను చెప్పినది శాస్త్రమే. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శాస్త్రము సరిగా చెప్పియుండిన ఆ వెలుగు తగ్గునా? నేను పూర్తిగా చెప్పలేదేమో యను సందేహముతో, ఆమె వ్రాసిన పుస్తకమునే తెరచితిని.

ఈ స్తోత్రకర్త మేల్పత్తూరు నారాయణ భట్టతిరి కేరళదేశమున 16వ శతాబ్దమున పుట్టిన మహాపండితుడు. వ్యాకరణమున ప్రక్రియాసర్వస్వమను గ్రంథమును రచించినవాడు. ఆయన గురువు అచ్యుత పిషారటి వ్యాకరణ జ్యోతిషములలో దిట్ట. గురువునకు వాతరోగము ప్రాప్తింపగా, శిష్యుడు గురుదక్షిణగా ఆ రోగమును తనపైకి తెచ్చుకొనెనని సంప్రదాయము చెప్పుచున్నది. యౌవనముననే కాలుసేతులు కదలని స్థితిలో ఆయనను గురువాయూరు చేర్చిరి. ఏమి చేయవలెనని ఎళుత్తచ్చన్‌ను అడిగించగా, “చేపతో మొదలుపెట్టుమనుము” అని సమాధానము వచ్చెనట. శుద్ధ శాకాహారియైన బ్రాహ్మణుడు ఆ మాటకు కోపింపక, మత్స్యావతారము మొదలు భగవల్లీలలను గానము చేయుమని అర్థము గ్రహించెననియు ప్రతీతి. శ్రీమద్భాగవతసారమును నూరు దశకములుగా కూర్చి, దినమున కొక దశకము చొప్పున గురువాయూరప్పని సన్నిధిని సమర్పించెను. దశకముల చివర తరచుగా ఒకే ప్రార్థన వినవచ్చును: స్వామీ, ఈ నా రోగమును తొలగింపుము. ఆయన తన బాధను దాచుకొనలేదు. మోక్షము తప్ప మరేమియు కోరరాదని నటింపలేదు. ఒకనాటి ప్రార్థన ఫలింపకున్నను మరునాటి దశకము మానలేదు.

నూరవ దశకములో ఆయన స్వామి దివ్యమంగళ విగ్రహమును కేశములు మొదలు పాదముల వరకు వర్ణించెను. ఆ పిమ్మట వచ్చు చివరి శ్లోకము కడ నా కన్ను ఆగినది. ఆ ఒక్క శ్లోకములో కవి మూడు సంగతులు పొందుపరచెను. మొదటిది, ఈ స్తోత్రము వేయి శ్లోకములకు మించినదని లెక్క. రెండవది, ఇది రెండు విధముల నారాయణీయమని చమత్కారము. నారాయణుని గూర్చినది గనుక ఒక విధమునను, నారాయణుడను పేరుగల తాను చెప్పినది గనుక మరియొక విధమునను. మూడవది, ముగించిన దినము. ఆయురారోగ్యసౌఖ్యమను చివరి పదమును కటపయాది సంఖ్యాక్రమమున చదివిన ఆ దినము తెలియును. ఆ యనగా సున్న, యు ఒకటి, రా రెండు, రో రెండు, గ్యలోని యకారమునకు ఒకటి, సౌ ఏడు, ఖ్యలోని యకారమునకు ఒకటి. అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చిన 17,12,210 అగును. కలియుగము మొదలైన పిమ్మట గడచిన దినముల సంఖ్య అది. క్రీస్తుశకము లెక్కలో 1586వ సంవత్సరము, వృశ్చిక మాసము.

పాఠకులు గమనింపవలెను. ఎంత వ్రాసితిని, ఎవడు వ్రాసెను, ఏనాడు ముగించెను—కార్యము సాధించిన ప్రతి మనుష్యుడు చెక్కి పెట్టుకొనగోరు సంగతులీ మూడే. భట్టతిరి వానిని విడువలేదు. లెక్క చెప్పెను, పేరు చెప్పెను, తేదీ చెప్పెను. కాని వానిని ఎక్కడ ఉంచెను? నీ మహిమ నెరుగక చెప్పినదానిని క్షమింపుమని స్వామిని వేడుకొను శ్లోకములో ఉంచెను. తేదీనైతే లోకమునకు ఆయువును ఆరోగ్యమును సౌఖ్యమును కలుగుగాక యను ఆశీర్వచనములోనే దాచెను. నాలుగువందల సంవత్సరములకు పైబడి ఆ పదమును పఠించువారందరు తెలిసియో తెలియకయో ఒక రోగి ముగించిన దినమును స్మరించుచున్నారు. అయినను వారి చెవిన పడునది ఆయన ప్రతాపము కాదు, తమ క్షేమము. ఆనందమును చంపుకొనుట కాదు ఆయన చేసిన పని. దానిని ఉంచవలసిన చోట ఉంచుట.

ఇదే మహాకవి జీవితమునందు గర్వము తప్పుదారి పట్టిన ఘట్టము కూడ ఒకటి సంప్రదాయమున కలదు. పూంతానమను భక్తుడు తాను మలయాళమున వ్రాసినదానిని చూచి దిద్దుమని వినయముతో ప్రార్థింపగా, సంస్కృత పండితుడైన భట్టతిరి దేశభాషలోని కవిత్వమని త్రోసిపుచ్చెనట. ఆ రాత్రియే ఆయన వాతము మరల తిరుగబెట్టెను. స్వామి సాక్షాత్కరించి, నీ విభక్తి కంటె పూంతానము భక్తియే నాకు ప్రియమని పలికెననియు, భట్టతిరి పరుగున పోయి క్షమాపణము కోరెననియు కథ. ఇందు స్వామి తప్పుపట్టినది భట్టతిరి తన గ్రంథమును చూచి సంతోషించుటను కాదు. మరియొకని గ్రంథమును తక్కువగా చూచుటను. సాధించితినను ఆనందము వేరు, నీవు సాధింపలేదను చూపు వేరు. మొదటిది దీపము, రెండవది పొగ. వత్తిని సరిచేసిన పొగ తగ్గును గాని, పొగకు జడిసి దీపమునే ఆర్పుకొనరాదు.

శ్రీమద్రామాయణమున సుందరకాండ ఈ విషయమును ఇంకను స్పష్టపరచుచున్నది. సీతాదేవిని దర్శించి హనుమంతుడు మరలివచ్చిన పిమ్మట వానరులు ఊరకుండలేదు. సుగ్రీవుడు ప్రాణప్రదముగా కాపాడుకొను మధువనమున చొరబడి, తేనె త్రాగి, గంతులు వేసి, అడ్డువచ్చిన కావలివారిని తరిమివైచిరి. వనపాలకుడైన దధిముఖుడు ఏడ్చుచు వచ్చి ఫిర్యాదు చేసెను. రాజు కోపించెనా? లేదు. సీత కనబడనిచో వారింత సాహసము చేయరని గ్రహించి సంతోషించెను. రామలక్ష్మణుల చెవికి ఆ మాట అమృతమాయెను. స్వామికార్యము నెరవేరినప్పటి కేరింత స్వామికి అపరాధముగా తోచదు, శుభవార్తగా తోచును. ఇక హనుమంతుని చూడుడు. సుగ్రీవుని కొలువులో నాకు సమానులు, నాకంటె అధికులు కలరు గాని, నాకంటె తక్కువవాడొకడు లేడని ఆయన అశోకవనమున సీతమ్మతో పలికెను. సముద్రము దాటివచ్చినవాని మాట ఇది. దాటితినని చెప్పుటకు ఆయన వెనుదీయలేదు. దాటని వారిని తగ్గించుటకు ఒప్పుకొనలేదు.

“అంతయు భగవంతుడు చేయించినదే” యని నేను పలికిన మాట సంగతి యేమి? భగవద్గీత 18వ అధ్యాయమున స్వామి ఏ కర్మకైనను ఐదు కారణములను చెప్పెను. అధిష్ఠానము, కర్త, కరణములు, నానావిధములైన చేష్టలు, దైవము. భగవద్రామానుజులు తమ భాష్యమున అధిష్ఠానమనగా శరీరమనియు, కర్త జీవాత్మ యనియు, కరణములు మనస్సుతో కూడిన కరచరణాదులనియు, చేష్ట ప్రాణాది వాయువుల వ్యాపారమనియు, దైవము అంతర్యామియైన పరమాత్మ యనియు వివరించిరి. ప్రధాన హేతువు పరమాత్మయే, సందేహము లేదు. కాని స్వామి తన్నొక్కనినే చెప్పి ఊరకుండలేదు. ఐదింటిని లెక్కించెను. లెక్కలో మొట్టమొదట శరీరమును ఉంచెను. ఆరోగ్యవంతమైన శరీరమని విశేషణము చేర్చలేదు. వాచిన కీళ్లును వంకర తిరిగిన వ్రేళ్లును గల శరీరము కూడ ఆ లెక్కలోనిదే. స్వామి స్వయముగా ఎంచిన నలుగురు తోడువారిని నేను ఒక్క వాక్యముతో కొట్టివేసితిని. అదియే నా పొరపాటు. కర్తృత్వ త్యాగమనగా చేతులు చేసిన పనిని లేదనుట కాదు. ఆ చేతులు, వానిని కదల్చిన ప్రాణము, సంకల్పించిన నేను, అందరము ఆయన సొత్తు. కనుక ఈ పనియు ఆయనదే యని సమర్పించుట. లేదన్నదానిని సమర్పించుట ఎట్లు? ఉన్నదనుకొన్నప్పుడు గదా చేతులెత్తి ఇయ్యగలము!

ఇక ఇంకొక సందేహము. భట్టతిరికి స్తోత్రము ముగిసినప్పుడు రోగము తొలగెనని చెప్పుదురు. నా యింటిలో అట్టి అద్భుతము జరుగలేదు. మరునాటి ఉదయము ఆమె వ్రేళ్లు ఎప్పటివలెనే కొయ్యబారి యుండెను. వారమున కొకమారు మ్రింగవలసిన మాత్ర మ్రింగక తప్పలేదు. నెలల కొకమారు రక్తపరీక్షయు తప్పలేదు. ఐనచో ఆమె భక్తి తక్కువదా? ఈ ప్రశ్నకు మన ఆచార్యచరిత్రయే సమాధానము. చోళరాజు సభలో నేత్రములు పోగొట్టుకొన్న కూరేశులను, కంచి వరదరాజస్వామిని నేత్రముల కొరకు ప్రార్థింపుమని రామానుజులు నియమించిరి. కూరేశులు వరదరాజస్తవమును రచించి విన్నవించిరి. స్వామి వరము కోరుమనగా, తనకు ఆపద తెచ్చిపెట్టిన నాలూరానుకును సద్గతి కలుగవలెనని కోరిరని గురుపరంపర చెప్పుచున్నది. బాహ్యనేత్రములు లేని ఆ మహనీయుని స్తవమును నేటికిని శ్రీవైష్ణవులు అనుసంధించుచున్నారు. కాగా, రోగము పోవుటయే భక్తికి కొలబద్ద కాదు. మందును మానుటయు భక్తి కాదు. యుక్తమైన ఆహారము, యుక్తమైన నిద్ర, యుక్తమైన పని గలవానికే యోగము దుఃఖమును పోగొట్టునని గీత 6వ అధ్యాయమున చెప్పిన స్వామి, వైద్యుడు చెప్పిన మాత్రను వేళకు మ్రింగువానిని చూచి సంతోషించునే గాని చిన్నబుచ్చుకొనడు.

తెల్లవారగనే ఆమె చేతులను గోరువెచ్చని నీటిలో నుంచి, నేను ఎదుట కూర్చుంటిని. “నిన్న నేను చెప్పింది సగమే. గర్వంగా ఉందన్నావు గదా, ఉండనీ. ఆ పుస్తకం రాసిన ఆయనకీ ఉండేది” అని పై సంగతులన్నియు చెప్పితిని. ఆమె అన్నియు విని, చివరకు, “అయితే నా తేదీ కూడా వేస్తాను. పేరు మాత్రం ఒక్కదాన్నే వేసుకోను” అన్నది.

ఎందుకనగా, ఆ మూడేండ్లును మా యింటికి పూలు తెచ్చు వృద్ధురాలు ఒకతె కలదు. ఆమెకు అక్షరము రాదు. కలము మూత బిగిసి రాని దినమున ఆమెయే తీసి యిచ్చెడిది. మారుగా ఆనాటి శ్లోకములోని కథను తెలుగులో చెప్పించుకొనెడిది. పూతన కథనాడు కంట తడిపెట్టి, “పాలిచ్చిందని దానికీ మోక్షమేనా తల్లీ! ఎంత మంచి సామి!” అన్నది. నూరు దశకములు వ్రాసిన చేతికి ఆ మాట స్ఫురింపలేదని మా ఆవిడ ఎన్నిమార్లో అనుకొన్నది. ముగింపు నాటి ప్రసాదమును మొదట ఆమె చేతిలోనే పెట్టినది. నోటు పుస్తకము చివరి పుటలో తేదీ వేసి, దాని క్రింద తన పేరును, పూలమ్మ పేరును వ్రాసినది. రెండవ పేరు వ్రాయునప్పటికి వ్రేళ్లు నొచ్చి అక్షరములు వంకరలు పోయినవి. వానిని దిద్దలేదు.

దీర్ఘవ్యాధితో బ్రతుకుచున్న భాగవతులకు నా విన్నపము ఇది. ఇతరులు నూరు దినములలో చేసినది మీకు వేయి దినములు పట్టినచో సిగ్గుపడకుడు. సంకల్పమును మీ శరీరమునకు తగినట్లు చిన్నదిగా చేసికొనుడు, మానకుడు. చేయలేని దినమును అపచారముగా ఎంచకుడు. శరీరమును మనస్సును స్వస్థముగా నున్నపుడు ఒక్కమారు నన్ను తలచినవానిని, అతడు కట్టెవలె రాతివలె పడియున్న అంత్యకాలమున నేనే తలతునని వరాహస్వామి భూదేవికి మాట యిచ్చెను. తిరుమల క్షేత్రము ఆ వరాహస్వామిదే గదా! కట్టెగా మారిన శరీరమునే తలచు స్వామి, కొయ్యబారిన పది వ్రేళ్లను మరచునా?

ఇంటిలోని ఆరోగ్యవంతులకు మరియొక విన్నపము. మీ వారిలో రోగియైనవారు ఒక పని ముగించి వెలుగు ముఖముతో మీ యెదుట నిలిచినపుడు, నావలె తొందరపడి వేదాంతము చెప్పకుడు. సుగ్రీవుని తలచుకొనుడు. మధువనము కొంత పాడైనను పరవాలేదు. ముందు వారితో కలసి సంతోషించి, పిదప ఇద్దరును కలసి ఆ సంతోషమును స్వామి పాదములకడ నుంచుడు.

శ్రీనివాసుడు అందరికిని ఆయురారోగ్యసౌఖ్యములను ప్రసాదించుగాక. ఆరోగ్యము ఆలస్యమైనవారికి ఆలోపల కైంకర్యమును ప్రసాదించుగాక.